బిగుసుకున్న తలుపు

హూడిలో మేము అద్దెకుంటున్న ఫ్లాటులో బాత్రూం తలుపు వానాకాలం వచ్చిందంటే మూసుకోదు. మూసుకుంటే తెరుచుకోదు. మొన్న వడ్రంగి వచ్చి, ఎంతసేపు పనిలెమ్మని చిత్రిక తీశాడు. నేను ఆగమని, ముందు గోడ చూసి, స్టూలెక్కి పైన దూలం కూడా చూశాను. అతను మా ఆవిడ వంక జాలిగా చూశాడు. చివరికి చెక్క ఉబ్బిందంతే. కానీ చిత్రిక కింద ఆ చెక్క గీసుకుపోతున్న చప్పుడుకి నాగరత్న మేడం గుర్తొచ్చారు. తలుపు బిగుసుకుంటే ముందు తలుపును అనుమానించకూడదని నాకు నేర్పింది ఆవిడే.

మేడం యలహంకలో పుట్టి పెరిగిన తెలుగు మనిషి, ఇంజనీరు. పాత కట్టడాల బలం పరీక్షించే చిన్న ఆఫీసు నడిపేవారు. గుంటూరులో పట్టా పుచ్చుకుని వచ్చి అందులో చేరాను. నా తెలుగు వింటే ఆవిడకి రేడియోలో వార్తలు విన్నట్టుండేదట. ఊరి నడుమ ఉన్న ఒక పాత షాపింగ్ మాల్‌ని కొత్తగా తీర్చిదిద్దే పనిలో మమ్మల్ని పిలిచారు. అంత పెద్ద పని మాకొస్తుందని ఎవరూ అనుకోలేదు, మాతో సహా.

అక్కడి స్తంభాలకి చుట్టూ అద్దాలు. జనం ఆగి తల దువ్వుకుని పోయేవారు. ఒకదానికి అద్దం ఊడదీయించి మేడం సుత్తితో తట్టారు. డొల్ల శబ్దం వచ్చింది. పెచ్చు ఊడి చేతిలోకొచ్చింది. లోపల కమ్మీలు తుప్పు పట్టి ఉబ్బిపోయి ఉన్నాయి. నేను భయపడ్డాను. ఆవిడ ఆశ్చర్యపోయారు.

"ఇది ఎప్పుడో కుంగాల్సింది. ఎందుకు నిలబడి ఉండాదప్పా?"

అదొక ప్రశ్నని నాకు తట్టనే లేదు. యజమానికీ తట్టలేదు. ఇన్నేళ్ళు నిలబడింది కదా, సోమవారం పాత గోడలు కూల్చడం మొదలుపెట్టాలి, కట్టడం గట్టిదేనని మీరు సంతకం పెట్టకపోతే పెట్టేవాళ్ళని చూసుకుంటామన్నాడు.

"నిలబడి ఉండాది, కాదనను. ఎందుకో తెలిసేదాకా పెట్టను" అన్నారు మేడం.

ఆ తర్వాత ఆవిడ కొలతలేమీ తీయలేదు. దుకాణాల్లో కూర్చుని కాఫీ తాగారు. పని పోతుందని నేను లోలోపల ఏడుస్తుంటే, చీరల కొట్టాయన తన గోడు తాను వెళ్ళబోసుకున్నాడు. వెనక గోడౌన్ తలుపు ఏటా బిగుసుకుపోతోందట. ఏటా చిత్రిక పట్టించి పట్టించి, అదిప్పుడు తలుపో కిటికీయో చెప్పడం కష్టమట.

మేడం గ్లాసు కింద పెట్టారు. "ఎండాకాలంలో కూడానా?"

ఎండాకాలమూ అంతేనన్నాడాయన.

ఆ గోడౌన్ గోడ సరిగ్గా మా స్తంభం పక్కది. సరుకు దాచుకోవడానికి ఆయన కట్టించుకున్న మామూలు ఇటుక గోడ. స్తంభం నీరసించేకొద్దీ పై దూలం కొద్దికొద్దిగా దిగి దానిమీద ఆనుకుంది. ఆ బరువుకి తలుపు చట్రం నలుగుతోంది. సోమవారం అన్నిటికంటే ముందు కూల్చాల్సింది ఆ గోడనే, అందంగా లేదని. వెంటనే పై అంతస్తులు ఖాళీ చేయించి, దూలం కింద ఇనుప ఆసరాలు పెట్టించాం. ఐస్‌క్రీం తింటున్నవాళ్ళు మమ్మల్ని తిట్టుకుంటూ దిగారు. యజమాని మళ్ళీ వేరేవాళ్ళ మాట ఎత్తలేదు.

ఇప్పుడు ఆ సంతకాలు నేను పెడుతున్నాను. పడిపోయినవాటి గురించి అందరూ అడుగుతారు. నిలబడ్డవాటిని ఎందుకు నిలబడ్డావని అడగడం ఆవిడ నాకు అంటించిన జబ్బు. బెళ్ళందూరు ఫ్లైఓవర్ కింద ఆగినప్పుడు, బంధువుల పెళ్ళిరోజు విందుల్లో కూర్చున్నప్పుడు అది ఎక్కువవుతుంది.

మేడం ఆఫీసు మూసేసిన రోజున, పొగడ్తేమైనా దొరుకుతుందేమోనని, మీ దగ్గర ఇన్నేళ్ళు ఎలా నిలబడ్డానంటారని అడిగాను. అద్దం ఊడదీసిన స్తంభాన్ని చూసినట్టు నన్ను కిందినుంచి పైదాకా చూశారు.

"నువ్వెక్కడ నిలబడినావప్పా? నీ పక్కన గోడ ఉండాది."