ఎసరు ఏమంటోంది?

మా అత్త పోయింది. హోసూరులో, కొడుకు ఇంట్లో, పొద్దున కాఫీ ఇద్దామని పిలిస్తే పలకలేదట. నేను వెళ్లేసరికి హాలులో పడుకోబెట్టి ఉన్నారు. వచ్చినవాళ్లందరిదీ ఒకటే పాట: “చూపులేని మనిషిని కూర్చోబెట్టి తిండి పెట్టినారప్పా. రాణి మాదిరి చూసుకున్నారు.” మూడోసారి వినేసరికి నాకు ఒళ్లు మండింది. చావింట్లో నోరు పారేసుకోకూడదని బయటికి వచ్చి నిలబడ్డాను. ఆ రోజు మింగిన కోపమే ఇప్పుడు రాస్తున్నాను. కూర్చోబెట్టి తిండి పెట్టడమే మేము ఆమెకు చేసిన అన్యాయం.

ఆమె మా నాన్నకు అక్క. వేప్పనపల్లి దగ్గర, మూడు రాష్ట్రాల సరిహద్దులోని ఊళ్లో ఉండేది. మా ఊళ్లో పెద్దబడి లేక నేను పదో తరగతి దాకా ఆమె ఇంట్లోనే ఉండి చదువుకున్నాను. మామిడి కాపు రోజుల్లో తోటల్లో కాయలు కోసే కూలీలకు ఆమే వండేది. నలభై దాటాక చూపు తగ్గుతూ వచ్చి, చివరికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ మిగల్లేదు. అయినా వంట ఆగలేదు. ఆమె కళ్లతో వండింది ఎప్పుడు గనక? పొయ్యి ముందు పీట వేసుకుని, తల ఒక పక్కకు వంచి, ఎసరు వినేది. నీళ్లు మొదట సుయ్‌మంటాయి. తర్వాత సలసల. నూకలు పడ్డాక బుడబుడ. నూకలు మెత్తబడి ఎసరు చిక్కబడితే కుతకుత. రాగిపిండి పోసేది అప్పుడే, ఒక్క క్షణం ముందు కాదు. చుట్టూ కూలీలు ఆకలితో గోల చేస్తుంటే గరిటె ఎత్తి గదిమేది. “ఎసురు మాట్లాడేటప్పుడు మనుషులు మాట్లాడకూడదు” అనేది. అందరూ నోరు మూసుకునేవారు.

నేను తెలుగు అయ్యవారినయ్యాను. ఒక సెలవులో ఆమె ఇంటి అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుతూ, ఒక పిల్ల రాసింది పైకి చదివాను: “ధ్వన్యనుకరణ పదాలకు విడిగా అర్థం ఉండదు.”

“ఎవుర్రా ఆ బిడ్డికి చెప్పింది?” లోపలినుంచి కేక.

“నేనే అత్తా. పుస్తకంలో అట్లే ఉంది.”

“అర్థం లేదా? బుడబుడ అనేటప్పుడు పిండి పోస్తే ఉండలు కడతాది. కుతకుత అనేటప్పుడు పోస్తే సంగటి కుదురుతాది. అర్థం లేకుండానే ఇన్నేండ్లు తిన్నావా నువ్వు?”

అయినా ఆ పిల్లకు మార్కు మాత్రం వేశాను. పెద్ద పరీక్షలోనూ అదే అడుగుతారు మరి.

ఇంకోసారి నేనే అడిగాను, బుడగను చూసి బుడబుడ అన్నారా, బుడబుడ విని దానికి బుడగ అని పేరు పెట్టారా అని. “బిడ్డ ఏడ్చినాకనే కదప్పా పేరు పెట్టేది” అంది. నేను తిరగేసిన ఏ వ్యాకరణంలోనూ ఇంత తేలిగ్గా చెప్పినవాళ్లు లేరు. పక్కింటి కన్నడం ఆమెకు ఎసరు కొతకొత అనేది, ఎదురింటి తమిళం ఆమెకు తళతళ అనేది. మనకు తళతళ అంటే మెరుపు. దాని మీద ముగ్గురూ వాదులాడుకుని నవ్వుకునేవాళ్లు. “నీళ్లు అందరికీ ఒకటే చెప్తాయి. చెవి యాడ పుట్టిందో ఆ మాదిరి ఇనిపిస్తాది” అని అత్త తీర్పు. కోపిష్టిని కుతకుత ఉడికిపోతున్నాడు అంటాం కదా, ఆ మాట పొయ్యి మీదనుంచే మనిషిలోకి వచ్చింది. ఆమె పోయిన ఈ నెల రోజులుగా దాని అర్థం నాకు బాగా తెలుస్తోంది.

పోయిన ఏడు ఒకసారి ఆమె కొంగు అంచుకు నిప్పంటింది. ఆమే చేత్తో నలిపి ఆర్పేసింది. హోసూరులో ఉన్న కొడుకు మాత్రం విని హడలిపోయాడు. అతను ఫ్యాక్టరీలో షిఫ్టుల మనిషి. ఆ భయం అబద్ధమని నేననను. నాకు ఫోను చేశాడు.

“పొయ్యి పడగొట్టేసి అమ్మను ఈడికి పిలుచుకొని వస్తా. ఏమంటావు బావా?”

“మంచిదే” అన్నాను. ఆమెను అడిగావా అని నేను అడగలేదు.

హోసూరు ఇంట్లో కుక్కరు, ఇండక్షన్ స్టవ్వు. “ఇది పోలీసోడప్పా, ఈల తప్ప మాట లేదు” అని మొదటి వారం కుక్కరు కూత విని నవ్వింది. తర్వాత నవ్వలేదు. వంటింటి వైపు నడిస్తే కోడలు చెయ్యి పట్టుకుని తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టేది, ప్రేమగానే. నా కోపం ఆ ప్రేమ మీదే. తోటంతటికీ వండి పెట్టిన మనిషిని, పళ్లెం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే మనిషిని చేశాం. అందులో నా ‘మంచిదే’ కూడా ఉంది.

ఆమె పోవడానికి నెల ముందు వెళ్లాను. కొడుకూ కోడలూ పనికి పోయారు. “గిన్నెలో ఎసురు పెట్టప్పా, సంగటి చేస్తా” అంది. పెట్టాను, నూకలు వేశాను. స్టవ్వు కింద ఫ్యాను ఒకటే రొద. ఆమె తల వంచింది. ఇంకా వంచింది. ఆవిరి మొహానికి కొట్టి వెనక్కు జరిగింది.

“నాకు ఇనిపించలేదు. నువ్వు చెప్పు, ఏమంటాండాది?”

“ఉడుకుతోంది అత్తా.”

“అది నాకూ తెలుసు. ఏమంటాండాది?”

ఇరవై ఏళ్లుగా ఆ మాటలను పిల్లల చేత వల్లె వేయిస్తున్నవాణ్ణి. చెవి పెట్టాను. ఫ్యాను తప్ప ఏమీ తెలియలేదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. “కుతకుత” అన్నాను.

నా మాట నమ్మి పిండి పోసింది.

సంగటి ఉండలు కట్టింది. ఆ సంగతి ముద్ద చేసేటప్పుడు ఆమె వేళ్లకు తెలిసింది. ఉప్పు కాస్త ఎక్కువైతేనే వీధి వినేలా తిట్టే మనిషి, నన్ను ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే నాకు ఇవాళ ఇంత మంట ఉండేది కాదు. “ఆకలి అయ్యిందా?” అని మాత్రం అడిగింది. చేతులు నీళ్లలో తడుపుకుంటూ, పొగలు కక్కే సంగటిని తడిమి తడిమి, ఉండలన్నీ ఒక్కొక్కటే ఏరి తన పళ్లెంలో వేసుకుంది. నున్నగా మిగిలినదాన్ని ముద్ద చేసి, నడుమ గుంట పెట్టి, నెయ్యి వేసి నా వైపు జరిపింది.