సూరమ్మగారి వడియాల కొమ్మ

ఉద్యాన శాఖలో చేరిన మరుసటి వేసవిలో నన్ను తాడేపల్లిగూడెం వేశారు. పెరళ్లలోని నాటు రేగుచెట్లను గంగరేగుగా మార్పించడం నాకు అప్పగించిన మొదటి పని. మామిడిలాగే రేగూ టెంక పండే. వేసవిలో చెట్టును మోకాలెత్తున కోస్తాం. మోడుకు చిగుళ్లు వచ్చాక, గంగరేగు కొమ్మ నుంచి కన్ను, అంటే ఆకు మొదట్లో ఉండే మొగ్గ, ఒలిచి తెచ్చి ఒక చిగురుకు అతికి కడతాం. అంటు కింద పుట్టే నాటు చిగుళ్లు బలమంతా లాగేస్తాయి కాబట్టి వాటిని ఎప్పటికప్పుడు గిల్లేయాలి.

పెంటపాడు దగ్గర సత్యనారాయణగారనే రైతు తన పెరటి చెట్టును అలాగే కోయించారు. అప్పుడు వాళ్లమ్మ సూరమ్మగారు దెందులూరులో కూతురింట్లో ఉన్నారు. నేను అంటు కట్టిన కొద్దిరోజులకే ఆవిడ తిరిగొచ్చి, మోడు చూసి, తిన్నగా మా ఆఫీసుకు వచ్చారు.

"ఏవండీ, ఆ పళ్లు దంచే మా ఇంట్లో వడియాలు పెడతామండీ. మా అమ్మ ఇచ్చిన టెంక నాటానండీ. ఆ పులుపు ఇంక రాదాండీ?"

గంగరేగు తియ్యన, వడియానికి పనికిరాదు. వేరు బతికే ఉంది కనుక, కింద చిగురొకటి వదిలితే పాత కాయే కాస్తుందని చెప్పాను. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

తీరా వెళ్లి చూస్తే అంటు కింద మోడు నున్నగా ఉంది. సత్యనారాయణగారు చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. "ఒక్కటీ ఉంచొద్దని మీరే అన్నారు కదండీ" అన్నారు నొచ్చుకుంటూ. ముగ్గురం వంగి వెతికాం. మట్టిని ఆనుకుని ఆవగింజంత చిగురు కనిపించింది. సూరమ్మగారు దాని మీద వెదురుబుట్ట బోర్లించి, "దీని జోలికొచ్చావంటే నీకు అన్నం పెట్టన్రా" అని కొడుకుతో అన్నారు.

అది కొమ్మయ్యాక మా పైఅధికారి తనిఖీకి వచ్చి, నాటుది ఎందుకు వదిలావని నన్ను కోప్పడ్డారు. నేను నోరు తెరిచేలోగా ఆవిడే అందుకున్నారు: "అది నాదండీ. పైవన్నీ మీవే, కోసుకోండి." ఆయన నవ్వాపుకోలేకపోయారు. నాటుది అంటును మించిపోకుండా ఏటా దాన్ని కురచగా కత్తిరించమని చెప్పి వెళ్లిపోయారు.

చివరికి రెండూ కాశాయి. సూరమ్మగారు నా చేతిలో వడియం పెట్టి, నేను నమిలేదాకా అక్కడే నిలబడ్డారు. పులుపుకు కళ్లు గట్టిగా మూసుకున్నాను. ఆవిడ తృప్తిగా లోపలికి వెళ్లిపోయారు.

ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఆ కాయతో ఇంట్లో ఏం చేసుకుంటారో ఆడవాళ్లను అడగకుండా ఏ పెరటి చెట్టు మీదా రంపం పెట్టనివ్వలేదు.