సంతకం పెట్టినవాళ్లకే: భిలాయ్‌లో ఒక ఆదివారం

విజయనగరంలో మా ప్రైవేటు బడుల టీచర్ల సంఘం చీలిపోయేలా ఉంది. ఎన్నికల్లో ఏ పార్టీ వెనక నిలబడాలన్నది తగువు. ప్రతి సమావేశమూ అరుపులతోనే ముగుస్తోంది. చివరికి మా అధ్యక్షురాలు నన్ను పిలిచి, "మీ అక్క భిలాయ్‌లో రెండు పార్టీలనీ కూర్చోబెట్టి మాట్లాడుతోందట. వెళ్లి చూసి రా. మనకి పనికొస్తుందేమో" అంది. మా ఎన్నికలకు ఇంకా చాలా వ్యవధి ఉంది. వాళ్లకి మూడు వారాలే.

సరోజక్క మా పెద్దమ్మ కూతురు. పెదనాన్న బొబ్బిలి నుంచి ఉక్కు కర్మాగారంలో పనికని వెళ్లి అక్కడే స్థిరపడిపోయాడు. అక్క అక్కడే పుట్టి, అక్కడే ఒక హిందీ మీడియం ప్రైవేటు బడిలో ముప్పై ఏళ్లుగా పాఠాలు చెబుతోంది. కాంట్రాక్టు టీచర్లకూ ప్రైవేటు టీచర్లకూ కలిపి వాళ్లు పెట్టుకున్న సంఘానికి తనే కార్యదర్శి.

శనివారం సాయంత్రం విజయనగరంలో రైలెక్కాను. స్లీపర్‌లో పై బెర్త్. ఆదివారం ఉదయం ఏడున్నరకు రాయపూర్‌లో దిగాను. అక్కడి నుంచి భిలాయ్‌కి లోకల్ రైళ్లు ఉంటాయి. అక్కావాళ్లుండే క్యాంప్ 2 కాలనీ వైపు వెళ్లేవాళ్లు దుర్గ్ దాకా టికెట్ తీసుకోనక్కర్లేదు, పవర్ హౌస్ స్టేషన్‌లో దిగిపోవచ్చు. ప్లాట్‌ఫారం మీద కాగితంలో పెట్టిచ్చిన వేడి అటుకుల పోహా తిని ఎనిమిదింబావు బండి ఎక్కాను.

నా ఎదురుగా కూర్చున్నావిడ నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని పలకరించింది. చరోదాలో రైల్వే క్వార్టర్స్‌లో ఉంటుందట. సాయంత్రం అక్కావాళ్ల సంఘం మీటింగ్ ఉందని చెప్పగానే పెదవి విరిచింది.

"మా కోడలూ టీచరే. సంఘం చెప్పినోడికి ఓటేస్తాదేటి? ఓటంటే ఎవలిష్టం ఆళ్లది."

"వెయ్యమని కాదండీ, ఎవరు మాటిచ్చారో చెబుతారంతే" అన్నాను.

"మాటలా? మాటలు బోల్డు ఇస్తారు" అని చరోదాలో దిగిపోయింది. ఆవిడ అన్న మాట నాతోపాటే పవర్ హౌస్ దాకా వచ్చింది.

స్టేషన్‌కి అక్క ఒక్కతే వచ్చింది. ముఖం పీక్కుపోయి ఉంది. కౌగిలించుకుని, "వచ్చీసావా? మంచి రోజున వచ్చావే. ఇవాళ నన్ను కొట్టినా కొడతారు" అంది నవ్వుతూ. ఆ నవ్వు నాకు నచ్చలేదు. షేర్ ఆటోలో క్యాంప్ 2 చేరేసరికి ఆ నవ్వుకి కారణం గోడ మీదే కనిపించింది. వాళ్ల సందు మొదట్లో అంటించిన కాగితం మీద హిందీలో పెద్ద అక్షరాలు: టీచర్లను అమ్మేసిన సరోజ. అక్క దాన్ని చింపలేదు. చూడనట్టు నడిచింది.

ఇంట్లో సత్యం బావ పేపరు చదువుతున్నాడు. ప్లాంటులో రోలింగ్ మిల్లులో పనిచేసి రిటైరయ్యాడు. పాతికేళ్లుగా ఒకే పార్టీకి పోలింగ్ బూత్‌లో ఏజెంటుగా కూర్చుంటున్న మనిషి. అక్క కూడా మొదటి నుంచీ ఆ పార్టీయే. కిందటి ఎన్నికల్లో సంఘం మొత్తాన్నీ ఆ పార్టీ వెనకే నడిపింది. ఆ పార్టీ ఓడిపోయింది. ఆ తర్వాత ఐదేళ్లూ ఏ అధికారీ, ఏ ఎమ్మెల్యే వాళ్లను గుమ్మం ఎక్కనివ్వలేదు. పది నెలలకే జీతమిచ్చి, వేసవిలో తీసేసి, జూన్‌లో మళ్లీ పెట్టుకునే పద్ధతి అలాగే సాగింది. పురిటికి వెళ్లినవాళ్లకు మళ్లీ ఉద్యోగమే లేదు.

అందుకని ఈసారి అక్క ఒక నియమం పెట్టించింది. పన్నెండు నెలల జీతం, ప్రసూతి సెలవు, కారణం చెప్పకుండా తీసెయ్యకపోవడం - ఈ మూడూ రాసిన కాగితం మీద ఆదివారం నాలుగు గంటల్లోగా ఎవరు సంతకం పెడితే సంఘం మద్దతు వాళ్లకే, పార్టీ ఏదైనా సరే. ఇద్దరూ పెడితే ఇద్దరి పేర్లూ చెప్పి ఊరుకోవాలి. పక్క నియోజకవర్గంలో అక్కావాళ్ల పార్టీ అభ్యర్థిని సంతకం పెట్టింది, ఎదటి పార్టీ ఆయన పెట్టలేదు. అక్కడ చిక్కులేదు. చిక్కంతా సొంత నియోజకవర్గంలోనే. ఇక్కడ ఎదటి పార్టీ ఆయన వారం కిందటే ఇంటికొచ్చి సంతకం పెట్టి వెళ్లాడు. సొంత పార్టీ ఆయన ఇంకా పెట్టలేదు.

"ఆయన పెట్టకుండా ఉంటాడేటి? నేను చెప్పాను కదా" అన్నాడు బావ పేపరు లోంచి తల ఎత్తకుండా.

పదకొండు గంటలకు అక్కా నేనూ ఆ సొంత పార్టీ ఆయన ఎన్నికల ఆఫీసుకి వెళ్లాం. జెండాలు, ప్లాస్టిక్ కుర్చీలు, టీ గ్లాసులు. నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. తర్వాత ఆయనే బయటికొచ్చి అక్కకు నమస్కారం పెట్టాడు. ఎంతో ఆప్యాయంగా మాట్లాడాడు. కాగితం తీసుకున్నాడు, చదవకుండానే తిరిగి అక్క చేతిలో పెట్టాడు.

"దీదీ, మీరు మా ఇంటి మనుషులు. ఇంటివాళ్ల దగ్గర సంతకాలేంటి?" అన్నాడు హిందీలో. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు.

అక్క నవ్వలేదు. "ఇంటివాళ్లం కాబట్టే అడుగుతున్నాను భయ్యా. నాలుగు వరకూ టైముంది" అంది.

"నాలుగింటికి నేను ర్యాలీలో ఉంటాను. మీ ఓట్లు ఎక్కడికి పోతాయి దీదీ, నాకు తెలీదా?" అని ఇంకొకరి వైపు తిరిగిపోయాడు.

బయటికొచ్చాక అక్క రోడ్డు పక్కన ఆగిపోయింది. "లలితా, ఈ చేత్తో ఆయనకి పదిహేనేళ్లు జెండాలు కుట్టానే" అంది. నేను నీళ్ల సీసా అందించాను.

ఒంటిగంటన్నరకు భోజనం. పప్పు, వంకాయ కూర, చారు. అక్క జరిగింది చెప్పింది. బావ కంచంలో చెయ్యి ఆపి, "అయితే మన సీటుకి ఎవల పేరూ చెప్పకండి. ఊరుకోండి" అన్నాడు.

"రూలు పెట్టింది నేనే. ఇప్పుడు నా పార్టీ అని ఊరుకుంటే గోడ మీద రాసింది నిజమే అవుతాది."

"వాడి పేరు నువ్వు చదువుతావేటి? నీ నోటితోన?"

బావ సగంలోనే లేచి చెయ్యి కడిగేసుకున్నాడు.

నాలుగింటికి కాలనీ మంగళ్ భవన్ నిండిపోయింది. పెళ్లిళ్లు జరిగే హాలది. ఎక్కువమంది ఆడవాళ్లే, కొందరు చంటిపిల్లలతో వచ్చారు. నేను బయటి ఊరిదాన్ని కాబట్టి ఆఖరి వరసలో కూర్చున్నాను. బావ కూడా వచ్చాడు, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చుట్టూ ఆయన పార్టీ స్నేహితులు.

అక్క మైకు ముందుకు రాగానే ఒక కుర్రమేష్టారు లేచాడు. పేరు కిరణ్, హథ్‌ఖోజ్ దగ్గర బడిలో సైన్సు చెబుతాడు. ఎదటి పార్టీ మనిషి. కిందటేడు పురిటికి వెళ్లిన అతని భార్యను బడి మళ్లీ తీసుకోలేదు.

"దీదీ, నాటకం ఎందుకు? పేరు మీరు ఇంట్లోనే డిసైడ్ చేసేసారు. మీ పార్టీదే చెప్తారు. సీదా చెప్పెయ్యండి, మేం వెళ్లిపోతాం, మా సంఘం మేం పెట్టుకుంటాం." తెలుగులో మొదలుపెట్టి హిందీలోకి వెళ్లిపోయాడు. అతని వెనక రెండు వరసలు లేచి నిలబడ్డాయి. ఇటువైపు వాళ్లూ లేచారు. ఎవరో కుర్చీ తన్నారు. ఒక చంటిది ఏడుపు లంకించుకుంది. విజయనగరంలో మా సమావేశాలు ఎంత గోలగా జరిగినా కుర్చీ లేవలేదు.

అక్క గొంతు పెంచలేదు. ముందు పక్క నియోజకవర్గం పేరు చదివింది, తన పార్టీ అభ్యర్థిని పేరు. కిరణ్ వైపు నుంచి ఈలలు. తర్వాత కాగితం మడత విప్పి రెండో పేరు చదివింది. ఎదటి పార్టీ ఆయన పేరు.

ముందు వరసల్లోవాళ్లు వెనక్కి తిరిగి గోడ వైపు చూశారు.

"నాకు ఆ పార్టీ ఇష్టం లేదు" అంది అక్క మైకులో. "మీలో చాలామందికి తెలుసు. కానీ ఆయన మా గుమ్మం ఎక్కి సంతకం పెట్టాడు. మావాడు పెట్టలేదు. ఇంతే."

గోడ దగ్గరి గుంపు మొత్తం బయటికి నడిచింది. బావ కూడా. వెళ్తూ అక్క వైపు చూడలేదు. అక్క మాత్రం తలుపు దాకా ఆయన్నే చూస్తూ ఉండిపోయింది.

కిరణ్ ఇంకా నిలబడే ఉన్నాడు. "కాగితం చూడొచ్చా?" అన్నాడు, ఈసారి మెల్లిగా. అక్క ఇచ్చింది. అతను పైకి చదివాడు. రెండో షరతు దగ్గర, ప్రసూతి సెలవు దగ్గర, ఆగి మళ్లీ చదివాడు. తర్వాత తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ రెండు పేర్లకీ ఒప్పుకునేవాళ్లు చేతులెత్తమన్నప్పుడు అతని చెయ్యీ లేచింది. అన్ని చేతులూ లేవలేదు. కొందరు ముఖం తిప్పుకునే కూర్చున్నారు. కానీ తీర్మానం నెగ్గింది, సంఘం చీలలేదు.

బావ చీకటి పడ్డాక వచ్చి, అన్నం వద్దని పడుకున్నాడు.

సోమవారం పొద్దున్నే దుర్గ్ నుంచి బయల్దేరే పగటి రైలుకి నా టికెట్. నాలుగూముప్పావుకి బావే స్కూటరు తీశాడు. చలిగాలి కొడుతోంది. ప్లాంటు వైపు ఆకాశం ఎర్రగా ఉంది. స్టేషన్ ముందు సంచీ అందిస్తూ, "ఆ కాయితం ఖాళీది నీ దగ్గిర ఒకటుందేటి?" అన్నాడు. మా సంఘానికి చూపించడానికి రెండు నకళ్లు తెచ్చుకున్నాను. ఒకటి ఇచ్చాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

రైల్లో టిఫిన్ ఇచ్చారు గానీ తినబుద్ధి కాలేదు. పదిన్నరకు, రాయగడ కొండల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉండగా, అక్క ఫోన్ చేసింది.

"మీ బావ ఆరు గంటల్నుంచి మావోడి ఇంటి ముందల కూకున్నాడట. సంతకం పెట్టించీసి తెచ్చాడు."

"పెట్టాడా?"

"నిన్నటి సంగతి ఊరంతా తెలిసిపోయింది కదేటి. భయపడ్డాడు. మీ బావ కాయితం బల్ల మీద పడీసి, దుప్పటి కప్పీసుకున్నాడు. నాతో ఇంకా మాట్లాట్లేదు."

"మరి పేరు మారుస్తావా?"

"ఎలగ మారుస్తాను? గడువు నిన్న నాలుక్కే అయిపోయింది. ఈ సంతకమూ దాచుతాను. ఎవడు నెగ్గినా ఆడి కాయితం ఆడి ముందు పెడతాం." మళ్లీ తనే, "ఆయన లేచి టీ అడిగితే బావున్ను" అంది. రైలు సొరంగంలోకి వెళ్లింది. లైను తెగిపోయింది.

మధ్యాహ్నం విజయనగరంలో దిగేలోపు నోటుబుక్కు తీశాను. భిలాయ్ వెళ్లాలనుకునే సంఘాలవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. ఎదటి పార్టీ మనిషిని గుమ్మంలోకి పిలవడం అక్కకు కష్టమనిపించలేదు. ఆయన పేరు మైకులో చదివి ఇంటికి వెళ్లడం కష్టమైంది. ఆమె చేసిన పని నేను చేయగలనా అంటే నాకు తెలీదు. మా ఊళ్లోనూ నా నోటితో చదవడానికి ఇష్టపడని పేరు ఒకటుంది. మేం కలవాల్సినవాళ్ల జాబితా అని పైన రాసి, మొదట ఆ పేరే రాసుకున్నాను.