విన్నపాల పేజీ

ఆ రోజుల్లో నేను బెంజ్ సర్కిల్ దగ్గర ఓ మేడ మీది గదిలో వెబ్‌సైట్లు చేసేవాణ్ణి. మా చర్చికీ ఒకటి చేశాను. తెరవగానే పాస్టరుగారి పెద్ద ఫోటో, చుట్టూ ఎగిరే పావురాలు. కంప్యూటర్లో బాగానే ఉండేది. కానీ మా సంఘంలో కంప్యూటర్లు ఎవరికున్నాయి? అందరివీ చిన్న ఫోన్లు. వాటిలో ఆ ఫోటో సగం వచ్చి ఆగిపోయేది.

"ఫోన్లో తెరుచుకోకపోతే ఇంకెందుకు బాబూ అది?" అన్నారు పాస్టరుగారు.

ఫోన్ల కోసం వేరే సైటు చేశాను. ఫోటోలూ పావురాలూ తీసేసి వట్టి అక్షరాలు ఉంచాను. చటుక్కున తెరుచుకునేది. మొదటి పేజీలో ఏం పెట్టాలన్నదే మిగిలింది. అంతవరకూ ప్రార్థన విన్నపాలు సైటులోంచి నేరుగా పాస్టరుగారి మెయిల్‌కే వెళ్ళేవి. వాటిని మొదటి పేజీలో వేయమన్నారాయన.

"పేర్లు తీసేస్తానండీ."

"పేరు లేకపోతే ఎవరి కోసమని ప్రార్థిస్తారు? ఉండనీ."

పంపింది అందరికీ కనపడుతుందని పేజీ మీద ఒక్క వాక్యం రాయాల్సింది. నాకు తట్టకపోలేదు. రాస్తే ఎవరూ పంపరు, పేజీ బోసిగా ఉంటుందని ఊరుకున్నాను.

మా చర్చిలో ఒకావిడ జాకెట్లు కుట్టేది. అక్కా అని పిలిచేవాణ్ణి. నేరుగా విన్నపం రాసే పేజీ తెరిచి, ఫోన్లో పంపడం ఆమెకి నేర్పింది నేనే. ఒక శనివారం ఆమె రాసింది: "మా ఆయనకి హెచ్‌ఐవీ అని తేలింది. నాకూ పరీక్ష చేశారు. అయ్యగారూ, ప్రార్థన చేయండి." పంపిన మరుక్షణం అది ఆమె పేరుతో సహా మొదటి పేజీలో పడింది.

మర్నాడు ప్రభు సంస్కారం తీసుకునే ఆదివారం. మా చర్చిలో అందరం ఒకే గిన్నెలో ద్రాక్షరసం తాగేవాళ్ళం. ఆమె మోకరించగానే పక్కనున్న ఇద్దరాడవాళ్ళు లేచి అవతలికి జరిగారు. గిన్నె పట్టుకున్న సంఘపెద్ద ఆమె ముందు ఆగి, "నువ్వు ఆఖర్న తీసుకోమ్మా" అన్నాడు.

"ఎందుకండీ?"

వెనకనుంచి ఎవరో ఫోన్ ఆమె ముఖం ముందు పెట్టారు. చదువుకుంది. అందరూ తాగాక కూడా గిన్నె ఆమె దాకా రాలేదు. పాస్టరుగారు దీవెన చెప్పేశారు. నేను మూడో వరసలో తల దించుకు కూర్చున్నాను.

మధ్యాహ్నమే ఆ విన్నపాన్ని తీసేసి, ఇక నేను చూసి వేస్తే తప్ప ఏదీ పేజీలో పడకుండా మార్చాను. అప్పటికే చదవాల్సిన వాళ్ళందరూ చదివేశారు. కుట్టడానికిచ్చిన గుడ్డలు కూడా వెనక్కి పట్టుకుపోయారు. కొన్నాళ్ళకి ఆమె పరీక్ష ఫలితం వచ్చింది. జబ్బు లేదు. ఆ సంగతి కూడా సైటుకి పంపి, పేరుతో వేయమని రాసింది.

"వేసెయ్యనాండీ?" అని పాస్టరుగారిని అడిగాను.

"మళ్ళీ ఆ గొడవెందుకు బాబూ?"

వేయలేదు.

ఆమె భర్తను తీసుకుని చల్లపల్లి వెళ్ళిపోయింది. మా సైటు ఫోన్లో చక్కగా ఉందని ఇంకో రెండు చర్చి మినిస్ట్రీల వాళ్ళు నాకు పని ఇచ్చారు. ఏడాది దాటాక గానీ ఆమె ఇంటికి వెళ్ళే ధైర్యం రాలేదు. వెళ్ళేసరికి మిషను కుడుతోంది.

"తప్పు నాదే అక్కా. క్షమించు."

"అది అందరికీ కనపడుద్దని నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి నేర్పేటప్పుడు ఆ ముక్క చెప్పలేదేం?"

ఆమె మిషను ఆపి నా వైపు చూసింది.

"క్షమించానని అనిపించుకుని హాయిగా పోదామనుకున్నావా తమ్ముడూ? నేననను. వెళ్ళు."

చెప్పులేసుకుని బయటికొచ్చాను. మళ్ళీ ఎప్పుడూ ఆ ఇంటికి వెళ్ళలేదు.