చెంబు నీళ్లు ముట్టని ఓటు

మా ఊరు కమలాపురం దగ్గర. పంచాయతీ ఎన్నికలు వస్తే చాలు, వీధిలోని మంచాలు ఇళ్లలోకి పోతాయి, చీకటి పడకముందే తలుపులు పడతాయి. దీన్ని యుద్ధమని ఎవరూ అనరు, పార్టీలంటారు. పైవీధి ఒక పార్టీ, కిందవీధి ఒక పార్టీ. ఓట్లు వేసే బడి కిందవీధి చివర ఉంది.

మా అన్నను కిందవీధి వాళ్లు చంపి చాలా ఏళ్లయింది. మనిషిని పోగొట్టుకున్న ఇంటి ఆడవాళ్లు అవతలి వీధిలో అడుగుపెట్టరు. పెడితే ఆ ఇల్లు రాజీకి వచ్చిందని అర్థం. అవతలివాళ్లు చెంబుతో నీళ్లిస్తారు. తాగితే రాజీ అయిపోయినట్టే. అందుకని మా వదిన ఏనాడూ ఓటుకు పోలేదు. ప్రతిసారీ ఆమె ఓటు కిందవీధి వాళ్లే వేసుకునేవారు.

ఈసారి బడి దగ్గర పోలీసులను పెట్టారు. పోలింగు రోజు పొద్దున నేను నా డైరీ రాసుకుంటూ కూర్చున్నాను. వదిన ఉతికిన చీర కట్టుకుని వచ్చి వాకిట్లో నిలబడింది.

"చంపినోళ్లే నా ఓటు ఏసుకుంటాండారు. ఈసారి నేనే ఏస్తా. తోడొస్తావా నాయనా?"

నా భయం కిందవీధి గురించి మాత్రమే కాదు. అయినా లేచి వెంట నడిచాను. వీధి మలుపులో మా పార్టీ పెద్ద తన మనుషులతో కాచుకుని ఉన్నాడు. కిందవీధికి పోతే రేపటి నుంచి మంచికీ చెడ్డకీ మీ గడప ఎవరమూ తొక్కం అని చెప్పాడు.

"నేను పోయేది ఓటుకప్పా, రాజీకి కాదు," అంది వదిన.

"కిందోళ్లు అట్లనుకోవల్ల గదక్కా."

అతను అన్నదాంట్లో తప్పు లేదు. కిందవీధిలో మమ్మల్ని చూడగానే మాటలు ఆగిపోయాయి. వదిన వీధి నడిమధ్యన నడిచింది. పైనుంచి ఎవరైనా రాయి వేస్తారేమోనని నేను మిద్దెల అంచులు చూసుకుంటూ ఆమె వెనకాల నడిచాను.

అన్న కేసులో ముద్దాయిగా ఉండి విడుదలైన ముసలాయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వదినను చూసి తడబడుతూ లేచాడు. లోపలికి ఏదో చెప్పాడు. ఆయన కోడలు చెంబుతో వచ్చి వదిన ముందు నిలబడింది.

"ఎండ శానా ఉండాది. తాగమ్మా," అన్నాడాయన. రాజీకి వచ్చామని నిజంగానే నమ్మాడు.

ఇళ్లలోంచి మగవాళ్లు బయటికొచ్చారు. తాగితే మా వీధిలో మాకు చోటుండదు. తాగకపోతే ఆయన వీధిలో ఆయన పరువు తీసినట్టు.

వదిన చెంబు వైపు చూసింది. "నీళ్లు మా ఇంట్లో ఉండాయి. ఓటేసి పోతా," అంది.

ఒకడు ముందుకు దూకాడు. ముసలాయన చేయి అడ్డం పెట్టాడు. "పోనీండప్పా," అని, అరుగు మీద కూలబడ్డాడు.

బడి దగ్గర వరస ఎంతకీ కదలలేదు. ఆవరణలో కొళాయి ఉంది, కానీ అవీ కిందవీధి నీళ్లే. వదిన అటు చూడనైనా లేదు. ఆమె పెదవులు పగులుతుంటే తాగమని చెప్పే ధైర్యం నాకూ లేకపోయింది.

ఓటేసి తిరిగి వచ్చేసరికి మా పార్టీ పెద్ద ఆ మలుపులోనే ఉన్నాడు. తాగినావా అని అడిగాడు. వదిన నాలుక బయటపెట్టి చూపించింది.

"చూడప్పా, యాడన్నా తడి ఉండాదా?"

అతను ముఖం తిప్పుకున్నాడు. పక్కకు మాత్రం జరిగాడు.

ఇంటికొచ్చాక వదిన మా గడప మీద కూర్చుని, చెంబు ఎత్తి దించకుండా తాగింది.

పక్కింటామె భర్త కూడా ఈ గొడవల్లోనే పోయాడు. మధ్యాహ్నం ఆమె మంచి చీర కట్టుకుని, మా కొళాయి దగ్గర సీసాలో నీళ్లు నింపుకుంటూ కనిపించింది. ఎక్కడికని నేను అడగలేదు.