ఎక్కువ కాలిన తెల్లపొడి

నిన్న గురువారం ఉదయం ఏడుంపావుకు మా వంటింట్లో గ్యాసును పసిగట్టే చిన్న యంత్రం కూసింది. స్టవ్ కట్టేసి కిటికీలు తెరిచాక ఇల్లు సద్దుమణిగింది కానీ, నాకు మాత్రం తెలంగాణ రాష్ట్రం రాకముందు గోదావరిఖనిలో నేను పనిచేసిన కాలేజీ ల్యాబు, అక్కడి ఒక వాన మధ్యాహ్నం కలలోలాగా కళ్లముందు తేలివచ్చాయి.

మా అక్క కూతురు అప్పుడు ఆ ల్యాబులోనే పరిశోధన చేస్తుండేది. బొగ్గుబాయిలో పుట్టే విషవాయువుకు వాసన ఉండదు, మా బావ రోజూ దిగేది ఆ బాయిలోకే. ఆ వాయువు కొంచెంగా ఉన్నప్పుడే పట్టుకోగల టిన్ ఆక్సైడ్ పొడి తయారుచేయాలని పిల్ల పట్టుదల. మరునాడు పెద్ద సార్ల ముందు పరీక్ష, నెగ్గితేనే పరిశోధన సాగుతుంది. చేతిలో ఉన్నది ఒక్క మూసెడు, అంటే చిన్న పింగాణీ గిన్నెడు పొడి. రేణువు ఎంత చిన్నదైతే అంత చురుకని, చిన్నదానికి ఒళ్లంతా చర్మమే కాబట్టి గాలి తాకితే మొత్తం స్పందిస్తుందని, పెద్దదానికి పైన తాకినా లోపలికి తెలియదని నాకు చెప్పేది. వేడి ఎక్కువైతే రేణువులు కలిసి పెరుగుతాయి. అందుకే పొడిని ఫర్నేసులో తక్కువ వేడి మీద పెట్టి, ఇద్దరం అన్నానికి ఇంటికి వెళ్లాం. వాన పట్టుకుని ఆలస్యమైంది.

ఈలోగా మొదటి షిఫ్టు దిగిన బావ మా కోసం వచ్చి ఫర్నేసు ముందు కూర్చున్నాడు. పచ్చిబొగ్గును వాకిట్లో కుప్పపోసి, పొగ పోయేదాకా కాల్చి, నీళ్లు చల్లి పొయ్యికి వాడుకోవడం మా కాలనీల అలవాటు. ఇంట్లో ఆ పని బావదే.

“ఎంతసేపని సన్నసెగ పెడ్తవు బిడ్డా? జర పెంచిన. మంచిగ కాలింది సూడు,” అన్నాడు, మేం తిరిగి రాగానే.

“ఇది మన వాకిట్ల బొగ్గు కుప్పనా బాపు?” అని నవ్వబోయి పిల్ల ఆగిపోయింది.

“ఏంది, మాడిందా?”

“మాడలె. మంచిగనే కాలింది,” అంది.

మరునాడు పరీక్షలో ఎంత వాయువు వదిలినా మీటరు ముల్లు నిద్రలో ఉన్నట్టు కాస్త కదిలి ఊరుకుంది. సాయంత్రం బావ అడిగితే, సార్లకు నచ్చలేదని మాత్రం చెప్పింది. ఆయన ఆ మాటే నమ్మి, “నా బిడ్డ పొడిల వంక లేదు, ఆ సార్లకే తెల్వది,” అని కాలనీ అంతా గొప్పగా చెప్పుకున్నాడు. పిల్ల జ్యోతినగర్ బడిలో టీచరుగా చేరింది.

ఇప్పుడు ఏ వాకిట్లోనూ బొగ్గు కాలదు. తెల్లారేసరికి కాలనీ మీద పరుచుకునే ఆ పొగమంచు కూడా లేదు. లెక్క చూస్తే పోయినవి ఇవి: మూసెడు పొడి, ఒక పరిశోధన, మూతపడిన ఆ బాయి, నిజం తెలియకుండానే వెళ్లిపోయిన మా బావ.