మూత లేపి పెట్టిన బొట్టు

దసరా మర్నాటి నుంచి నా క్లారినెట్ పాడటం మానేసి ఆయాసపడుతోంది. కింది స్వరాల్లో గాలి తప్ప ఏమీ రాదు. రేపేమో బెల్లంపల్లిలో బరాత్. "గిట్లనే మోగితే నీ పాట ట్రంపెటోనికి ఇస్త" అని మా పెళ్లి బ్యాండ్ మాస్టర్ నిన్ననే తేల్చేశాడు. ఊదే చోట ఉండే రీడ్ మార్చాను, జాయింట్లు తుడిచాను, చివరికి నా ఊపిరితిత్తుల్నే అనుమానించాను.

ఈ సాయంత్రం ఇంటి అరుగు మీద కూర్చుని, రంధ్రాలు మూసే మూతలు ఒక్కొక్కటే ఎత్తి చూశాను. ఒకదాని కింద, రంధ్రం అంచున, ఎండి గట్టిపడిన పసుపు ముద్ద, దాని మీద కుంకుమ! మూత సరిగ్గా పడక గాలంతా అక్కడే పోతోంది.

"అవ్వా, దీని లోపల బొట్టెందుకు పెట్టినవే?"

అవ్వ వంటింట్లోంచే జవాబిచ్చింది. "దసరా పూజల బండికి పెట్టిన, మిక్సీకి పెట్టిన. మనకు బువ్వ పెట్టేదానికి పైపైన పెడ్తరా? మూత లేపి పెట్టిన."

తడిగుడ్డతో తుడిచి ఊదాను. కింది స్వరం ఎంత నిండుగా పలికిందంటే ఎదురింటివాళ్లు బయటికొచ్చారు. అవ్వ కూడా వచ్చి మురిసిపోయింది.

"చూసినవా బిడ్డా, బొట్టు పెట్టినంక ఎట్ల మోగుతున్నదో!"

అది తుడిచాకే మోగిందని చెప్పే ధైర్యం నాకు లేదు. మీలో ఎవరికైనా ఉంటే మంచిర్యాల రండి, చాయ్ నాది.